శరత్సాగర తీరమున టిట్టిభము మొర

శ్రీమద్భాగవత దశమస్కంధమున ఇరువదియవ అధ్యాయము వర్షఋతువును, శరదృతువును వర్ణించును. ఇందు కథ యేమియు నడువదు. రాక్షసుడు రాడు, యుద్ధము జరుగదు. రామకృష్ణులు గోపబాలురతో కూడి వనమున విహరించుచుండగా చుట్టును కనబడు చెట్టు, పిట్ట, పురుగు, మబ్బు, నీటిమడుగు, వీనినే శుకమహర్షి ఒక్కొక్కటిగా ఎత్తి చూపుచు ఇంచుమించు ప్రతిదానికిని ఒక అధ్యాత్మార్థమును జతపరచును. పరీక్షిన్మహారాజునకు మిగిలియున్నవి ఏడు దినములు మాత్రమే. మరణము ముంగిట నిలిచిన శ్రోతకు కప్పల కూతను గూర్చియు, మిణుగురు పురుగులను గూర్చియు చెప్పుటకు మహర్షికి తీరిక యెట్లు కలిగినదాయని కొందరు ఆశ్చర్యపడుదురు. పారాయణమున ఆ అధ్యాయమును వడివడిగా చదివి గోవర్ధనోద్ధరణమునకు పోవువారును కలరు. అది తొందరపాటు. కాలము తక్కువగా నున్నవానికే కన్నులు తెరచి చూచుట నేర్పవలసియున్నది.

శరద్వర్ణనమున మేఘములు తమకున్నదంతయు వర్షించి యిచ్చివేసి, తెల్లబడి తేలికయై, ఏషణలు విడిచిన మునులవలె ప్రకాశించినవని శుకుడు చెప్పెను. ఇంకుచున్న మడుగులలోని చేపలు తమ నీరు నానాటికి తగ్గుచున్నదని ఎరుగవనెను. సంసారి యెట్లు తన ఆయువు తరుగుట నెరుగడో అట్లే యని భావము. రైతులు పొలములకు గట్టి గట్లు వేసి నీటిని నిలుపుకొనిరట, యోగులు ఇంద్రియద్వారముల వెంట జారిపోవు జ్ఞానమును నిలుపుకొన్నట్లు. ఇదంతయు బృందావనమున కన్నులకు కనబడునదియే. కాని ఆ వరుసలోనే శుకుడు సముద్రమును తెచ్చెను. శరత్తు రాగానే సముద్రము కదలక, పలుకక, మనస్సు లయించిన మునివలె మౌనము వహించినదనెను. బృందావనమున సముద్రము లేదు. యమునాతీరపు కథలో సాగరమేల వచ్చినదో ఆ శ్లోకము చదివినవారు కొంచెము ఆగి ఆలోచింపవలసియుండును.

ఆంధ్రదేశమున ఆ అధ్యాయమును కాలినడకన చదువదలచినవారికి కృష్ణాజిల్లాలోని హంసలదీవి తగిన చోటు. పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలిన కృష్ణవేణి నడుమ నున్న లంక దివిసీమ. ఆ సీమ కొసను, నది సాగరమున కలియు తావునకు చేరువలో, శ్రీ వేణుగోపాలస్వామి వెలసియున్నాడు. పాపాత్ములు మునిగి వదలిన పాపములచే గంగ నల్లబడి శ్రీమహావిష్ణువును ప్రార్థింపగా, కాకి రూపమున తీర్థములన్నిటను మునుగుచు పొమ్మని స్వామి ఆనతిచ్చెననియు, ఇచ్చట మునిగినంతనే ఆ కాకి హంసయై లేచెననియు, అందువలన హంసలదీవి యను పేరు కలిగెననియు స్థలపురాణము. మాఘపూర్ణిమనాడు, కార్తీకమునను, సాగరసంగమ స్నానమునకై జనము వత్తురు. ఆలయమునుండి సంగమమునకు కొన్ని మైళ్ళ దూరము కలదు.

ఒక కార్తీకపూర్ణిమనాడు తెల్లవారుజామున ఒక వృద్ధ పౌరాణికుడు పదిమంది గృహస్థులను వెంటబెట్టుకొని ఆలయమునుండి సంగమమునకు నడచెను. తక్కినవారు ఆటోలలో పోవుచుండగా వీరు నడచుటకు కారణము ఆ అధ్యాయమే. ముందునాటి రాత్రి ఆలయ మండపమున దానిని పారాయణము చేసి, “రేపు దారిలో దీనిని చూతము” అని ఆయన చెప్పియుండెను. ఊరి పొలిమేరలో ఒక ముదుసలి, పదేళ్ళ మనుమని చేయి పట్టుకొని, వీరి వెనుక చేరినది. చేతిసంచిలో అరటిదొప్ప, వత్తులు, చిన్న నేతిసీసా కలవు. ఆమె దారి పొడవునను మాటలాడలేదు.

మొదట కనబడినది కాటుకపిట్ట. వరిచేని గట్టుపై తోక నాడించుచు, నాలుగడుగులు పరుగెత్తి నిలిచి, మరల పరుగెత్తుచుండెను. సంస్కృతకవులు దీనినే ఖంజనమనియు, ఖంజరీటమనియు పిలిచి శరత్తునకు గుర్తుగా పెట్టుకొనిరి. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమే దీనికి కేటాయించి, ఆ యేట తొలిసారిగా ఖంజనము ఎచ్చట కనబడిన ఏమి ఫలమో విస్తరించి వ్రాసెను. ఆ ఫలశ్రుతి నమ్మినను నమ్మకున్నను, ఒక పిట్ట రాకను దేశమంతయు కనిపెట్టుకొని యుండినదను సంగతి మాత్రము గ్రహింపదగినది. వర్షములు వెనుకబట్టగానే ఉత్తరపు చలిదేశములనుండి వచ్చి, వేసవికి ముందే వెళ్ళిపోవు అతిథి యిది. గట్లు నాడు శుకుడు చెప్పినట్లే యున్నవి. వరి పొట్టవిప్పి కంకి వంగుచుండెను.

చేలమీద పసుపువన్నె తూనీగలు గుంపులుగా తిరుగుచుండెను. బాలుడొకనిని పట్టబోగా పౌరాణికుడు వారించి, “దాని ప్రయాణము చాల దూరము నాయనా, ఆపకు” అనెను. ఇది పరిహాసము కాదు. ఈ జాతి తూనీగలు వానలు వెడలిన పిమ్మట ఈశాన్యపు గాలినెక్కి, మాల్దీవుల మీదుగా హిందూమహాసముద్రమును దాటి ఆఫ్రికా తీరమును చేరునని శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిరి. వ్రేలెడు పొడవు లేని పురుగు. దానికి జాంబవంతుడు బలము గుర్తుచేయలేదు, మైనాకుడు ఆతిథ్యమియ్యలేదు. హనుమంతుని లంఘనమును కవుల కల్పన యని తేలికగా త్రోసివేయు నేటి పడుచువారు ఈ పురుగును ఒకమారు చూడవలెను.

దారి ప్రక్కన తుపాను రక్షణ భవనమొకటి స్తంభములపై ఎత్తుగా నిలిచియున్నది. దాని మెట్ల క్రింద కుమ్మరిపురుగు మట్టిగూడు కట్టియుండెను. భ్రమరకీట న్యాయము అందరు విన్నదే: గూటిలో మూయబడిన కీటకము భయముచే భ్రమరమునే తలచి తలచి తుదకు భ్రమరమగునని అవధూత యదుమహారాజునకు చెప్పెను. వాస్తవమున ఆ పురుగు గొంగళిని తెచ్చి లోపల పెట్టునది తన పిల్లకు ఆహారముగా మాత్రమే. వెలికి వచ్చునది ఆ పిల్లయే. ఇది తెలిసినందువలన న్యాయమునకు హాని లేదు. ఎడతెగక దేనిని తలచిన దాని రూపము మనస్సునకు కలుగునన్నది ధ్యానము చేసినవారి అనుభవము. పురుగు దానికొక దృష్టాంతము. ఉపమానము ఉపమేయమును తెలుపుటకే వచ్చునుగాని, తనకు తాను పూచీ పడుటకు రాదు. ఈ మాట ఇచ్చట ఊరక చెప్పినట్లు కనబడినను, ముందు దీని అవసరము కలదు.

పొలములు ముగిసి చవిటినేల మొదలగును. ఆపై మడ అడవి. బురదలోనుండి వేలకొలది వేళ్ళు మొలకలవలె పైకి నిక్కి గాలి పీల్చుకొనుచుండును. ఉప్పునీటిలో ఇంకొక చెట్టు బ్రదుకదు. మడచెట్టు ఆ ఉప్పునే త్రాగి, అక్కరలేనిదానిని ఆకులనుండి వెలికి పంపును. ఎండిన ఆకును నాలుకపై పెట్టినచో ఉప్పు తెలియును. కొమ్మల నడుమ సాలెపురుగులు అల్లిన వలలపై మంచు పట్టి మెరయుచుండెను. తన హృదయమునుండియే దారము తీసి, అల్లి, అందు విహరించి, తిరిగి మ్రింగుకొను సాలీడును చూచి సృష్టిస్థితిలయములను నేర్చుకొంటినని అవధూత పలికెను. ఉప్పుపొన్న యను చెట్టు మరియు వింతైనది. దాని గింజ నేలరాలి మొలకెత్తదు. తల్లికొమ్మను వ్రేలాడుచుండగనే మొలకెత్తి, మూరెడు కాడ పెంచుకొని, పోటుపాటులకు తట్టుకొనగల బలము వచ్చిన పిదప మాత్రమే బురదలోనికి జారును.

అచ్చట పౌరాణికుడు నిలిచి గోపీవస్త్రాపహరణ ఘట్టము ముగిసిన వెంటనే వచ్చు ఒక ప్రసంగమును గుర్తుచేసెను. చెట్లనీడన నడచుచు శ్రీకృష్ణుడు స్తోకకృష్ణాది మిత్రులను పేరుపేరున పిలిచి చెట్లను చూపి, గాలిని, వానను, ఎండను, మంచును తాము భరించి మనలను కాపాడుచున్నవి చూడుడని, ఒకరికొరకు బ్రదుకు బ్రదుకే బ్రదుకని చెప్పెను. మడచెట్ల విషయమున ఇది అక్షరాల నిజము. సముద్రము పొంగునపుడు ఆ వేగమును మొట్టమొదట తమ మీదికి తీసికొనునవి యివి. పొయ్యిలోని కట్టెకును, రొయ్యల చెరువునకును వీనిని నరికివేసినవారు తమ యింటి గోడనే పడగొట్టుకొనుచున్నారు.

ఇసుకతిన్నెలు వచ్చినవి. ముండ్ల బంతులవంటివి కొన్ని గాలికి దొర్లుచు పరుగెత్తుచుండెను. రావణాసురుని మీసములని పిలువబడు గడ్డి యొక్క గింజలగుత్తులవి. ఎంత పరుగెత్తినను తుదకు ఎచ్చటనో ఇసుకలో కూరుకొని వేరు తన్నును. రావణుని మీసమునకు ఇంతకంటె మంచి గతి యేమి కలదని ఒకరు నవ్విరి. వాని ప్రక్కన మేకగిట్టవంటి ఆకులతో, ఊదారంగు పూవులతో ఒక తీగ ఇసుకనంతయు కప్పి అలలవైపు చేతులు చాచియున్నది. ఎంత ప్రాకినను పోటు వచ్చు గీతను మాత్రము అది దాటదు. మరాఠీవారు దీనిని మర్యాదవేల్ అందురు. మర్యాద యనగా ఎల్ల. ఇంతవరకు నాది, అటుపై నీదని నేలయు నీరును వ్రాసికొన్న ఒడంబడికవలె నున్న తీగ.

ఇంతలో ఆకాశమున కలకలము చెలరేగినది. చేపల గ్రద్ద యొకటి నీటనుండి చేపను తన్నుకొని పైకి లేవగా, ఒక గరుడపక్షియు రెండు కాకులును తరుముచుండెను. ముందుకును వెనుకకును తప్పించుకొని, తుదకు అది చేపను జారవిడిచినది. వెంటనే తరుముట ఆగినది. ఆ గ్రద్ద నిశ్చింతగా ఒక ఎండుకొయ్యపై వ్రాలి రెక్కలు దులుపుకొనెను. కురరమను పక్షి మాంసఖండమును వదలి సుఖపడుట చూచి అపరిగ్రహమును నేర్చితినని అవధూత చెప్పిన పాఠము కన్నుల ముందు నడచినది. జారిన చేపను అందుకొనిపోయినది గరుడపక్షి. తెల్లని తల, ఇటుకవన్నె రెక్కలు కానవచ్చినంతనే అలవాటుచొప్పున అందరును చేతులు జోడించిరి. మరునిమిషమున తాము మ్రొక్కినది దొంగకని తోచి ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. “దర్శనము మనకు, చేప ఆయనకు” అని పౌరాణికుడు నవ్వెను.

అలల అంచున ఉల్లంకిపిట్టలు వందలుగా నుండెను. అల వెనుకకు పోవునపుడు దానివెంట పరుగెత్తి తడియిసుకలో ముక్కులు గ్రుచ్చుచు, అల తిరిగివచ్చుచుండగా కాలు తడవక ముందే గుంపుగా ఇవతలికి పరుగెత్తుచుండెను. వీనిలో పెక్కు ఉత్తరధ్రువ ప్రాంతమునందు పుట్టి ఇచ్చటికి చలికాలము గడుపవచ్చునట్టివి. బాలుడు వానిని చూచి నవ్వి, “తాతగారూ, ఇవి సముద్రానికి భయపడవా?” అని అడిగెను.

అందుకు సమాధానముగా పౌరాణికుడు పంచతంత్రమునందలి టిట్టిభోపాఖ్యానమును చెప్పెను. సముద్రతీరమున ఒక టిట్టిభ దంపతులుండెను. ఆడుపిట్ట, ఇచ్చట గ్రుడ్లు పెట్టిన సముద్రము లాగుకొనిపోవునని వెరచినది. మగపిట్ట, సముద్రమునకు నాతో వైరము పెట్టుకొను ధైర్యమున్నదాయని బింకము పలికెను. సముద్రుడు ఆ మాటలు విని, చూతముగాక యని గ్రుడ్లను అపహరించెను. తల్లి యేడ్చినది. పక్షులన్నియు కూడి పక్షిరాజైన గరుత్మంతుని శరణుజొచ్చినవి. గరుత్మంతుడు స్వామికి విన్నవించెను. అంతటి శ్రీమన్నారాయణుడు, ఒక పిట్ట గ్రుడ్ల కొరకు, ఆగ్నేయాస్త్రమును సంధించి సముద్రుని గద్దించెను. సముద్రుడు వడకి గ్రుడ్లను తిరిగి యొడ్డున పెట్టెను. “కనుక చిన్నవానికి పెద్దవాని అండ యుండిన భయము లేదు నాయనా” అని ఆయన ముగించెను.

అప్పుడు ఆ ముదుసలి మొదటిసారి నోరు విప్పినది.

“అయ్యవారూ, ఆ పిట్ట గుడ్లు సముద్రం తిరిగిచ్చింది. నా పిల్లను ఇవ్వలేదేం?”

దివిసీమలో ఈ ప్రశ్న దేనిని గూర్చినదో విడమరచి అడుగనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేదీ, కార్తీకమాసముననే, సముద్రము ఈ ఒడ్డును దాటి మైళ్ళకొలది లోనికి వచ్చినది. నీరు తాటిచెట్టంత యెత్తున లేచినదని బ్రదికినవారు చెప్పుదురు. సొర్లగొంది వంటి ఊళ్ళు రూపుమాసినవి. మృతులు సుమారు పదివేలని అధికారుల లెక్క; దానికంటె ఎక్కువయని జనుల మాట. ఆనాడు ఆమెకు ఇరువది రెండేండ్లు. మూడేళ్ళ పిల్లను రవికకు కట్టుకొని తుమ్మచెట్టెక్కినది. తెల్లవారునప్పటికి చెట్టున ఆమె మాత్రమే మిగిలినది.

పౌరాణికుడు సాందీపని కథ నెత్తుకొనెను. ప్రభాసతీర్థమున సముద్రము మ్రింగిన గురుపుత్రుని శ్రీకృష్ణుడు యమలోకమునుండి మరల తెచ్చి గురుదక్షిణగా సమర్పించిన కథ అది. సగము చెప్పి, అది ఆమె ప్రశ్నకు జవాబు కాకపోగా, దానిని రెట్టింపు చేయుచున్నదని గ్రహించి ఆగెను. పిట్టకును దక్కినది, గురువునకును దక్కినది. దక్కనిది ఆమె కొక్కతెకే. పిమ్మట సర్వజీవులకును పూర్వకర్మ యనునది ఒకటి కలదని మొదలుపెట్టెను.

“మూడేళ్ళ పిల్ల అయ్యా. దానికేం కర్మ?”

శాస్త్రమున దీనికి సమాధానములు లేకపోలేదు. ఆయన వానిని కంఠస్థముగా నెరుగును. కాని తుమ్మచెట్టెక్కిన తల్లి యెదుట వానిని అప్పగించుట ధర్మమని ఆయనకు తోపలేదు. “తప్పుగా చెప్పితినమ్మా” అని, మరి మాటలాడక, నీటి అంచువరకు ఆమె ప్రక్కనే నడచెను.

శరత్తులో సముద్రము మౌనము వహించునన్న శ్లోకమును ముందునాటి రాత్రి ఆయనయే మధురముగా గానము చేసియుండెను. ఈ తీరమున ఆ శ్లోకము చదువువాడు ఎరిగి చదువవలెను. బంగాళాఖాతమున తుపానులు మిక్కుటముగా పుట్టునది అక్టోబరు, నవంబరు నెలలయందే. కుమ్మరిపురుగు విషయమున చెప్పిన మాట ఇచ్చటికే వచ్చుచున్నది. శుకుడు ముని మనస్సును తెలుపుటకు సముద్రమును తెచ్చెనుగాని, సముద్రము తరఫున హామీ యియ్యలేదు. హామీ యియ్యకపోవుటయే గాదు, భాగవతము ఇంకొక సంగతి చెప్పినది. అవధూతగీతను వేరుగా తీసి చదువువారికి అది కనబడదు. ఏకాదశస్కంధము ఏడవ అధ్యాయమున, ఉద్ధవునకు అవధూత కథ చెప్పుటకు కొంచెము ముందు, శ్రీకృష్ణుడు, నేటికి ఏడవనాడు సముద్రము ఈ ద్వారకను ముంచును అని చెప్పెను. అది చెప్పిన నోటితోనే, ఆ వెంటనే, ఇరువదినలుగురు గురువులను గూర్చి చెప్పుచు, వారిలో సముద్రమును పేర్కొనెను. ఎన్ని నదులు వచ్చి పడినను పొంగదు, రాకున్నను ఎండదు, లోతు తెలియరాదు, నారాయణపరుడైన ముని అట్లుండవలెననెను. తన పట్టణమును మ్రింగబోవుచున్న దానిని ఎరిగియుండియే గురువనెను. ఉద్ధవుడు దీనిని విని ఎదురు ప్రశ్న వేయలేదు. వేసియున్న, ఈనాటివారికి ఎంతయో మేలగుచుండెను.

ఎరిగియుండి ఊరకుండలేదన్నదియు అంతే ముఖ్యము. నిర్యాణమునకు ముందు దారుకుని పిలిచి, ద్వారకలో నెవ్వరును ఉండరాదనియు, తాను విడిచిన పురమును సముద్రము ముంచుననియు, అందరును అర్జునునితో ఇంద్రప్రస్థమునకు వెడలిపోవలెననియు చెప్పి పంపెను. సముద్రమునాపు చేయి గలవాడు సముద్రము నాపలేదు, జనమును తరలించెను. 1990 మే నెలలో పెద్ద తుపాను మరల ఈ కృష్ణాముఖమునకు చేరువలోనే తీరము దాటినది. ముందుగా హెచ్చరించి లక్షలాదిమందిని తరలించినందున, ప్రాణనష్టము 1977 నాటిలో పదవవంతునకు మించలేదు. కుమ్మరిపురుగు గూడు కట్టుకొన్న ఆ రక్షణ భవనమును దాటిపోవునప్పుడు యాత్రికులెవ్వరును చేతులు జోడింపలేదు.

అలలు పాదములను తాకుచుండగా పౌరాణికుడు మరల మాటలాడెను. ఈసారి కథ చెప్పు గొంతుతో చెప్పలేదు.

“అమ్మా, మీరడిగినదే ఒక తల్లి ఇదివరకు అడిగింది. దేవకీదేవి. ఆరుగురు పిల్లల్ని పోగొట్టుకుంది. కృష్ణుడు గురువుగారి బిడ్డను తెచ్చి ఇచ్చాడని విని, మరి నా బిడ్డలో అని ఆయన్నే అడిగింది. ఆ అడగటం ఎప్పుడో తెలుసా? కృష్ణుడు రాజ్యాలు గెలిచి, పెద్దవాడై, ద్వారకలో అంతా సుఖంగా ఉన్న రోజుల్లో. అన్నేళ్ళూ ఆవిడ మరిచిపోలేదు.”

“ఇచ్చాడా?”

“సుతలానికి వెళ్ళి బలిచక్రవర్తి దగ్గరనుంచి తెచ్చాడు. ఆరుగురినీ.”

“చేతుల్లోకి తీసుకుందా?”

“తీసుకుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తలలు వాసన చూసి, పాలిచ్చింది. ఆ పాలు తాగాక వాళ్ళకు తామెవరో గుర్తొచ్చింది. అందరికీ నమస్కారం చేసి, అందరూ చూస్తుండగానే దేవలోకానికి వెళ్ళిపోయారు.”

“ఉండలేదా?”

“ఉండలేదమ్మా. కన్నకొడుకు భగవంతుడై ఉండి కూడా.”

ఆమె కొంతసేపు నీటివైపు చూచుచు నిలిచినది. దశమస్కంధపు ఎనుబది యైదవ అధ్యాయమున ఈ కథ కలదు. పురాణకాలక్షేపములలో దీనిని స్వామి మహిమకు నిదర్శనముగా చెప్పుట వాడుక. మహిమ కలదు, కాదనరాదు. కాని మహర్షి దానిని పిల్లలు తిరిగివచ్చుటతో ముగింపక, వారు వెడలిపోవువరకును చెప్పెను.

“ఎంతసేపు ఉన్నారు ఆవిడ ఒళ్ళో?” అని ఆమె అడిగినది.

“అది భాగవతంలో చెప్పలేదు తల్లీ.”

“నా చేతుల్లోనూ ఉంది, ఆ రాత్రి. చాలాసేపు ఉంది. చలికి నా మెడలో ముఖం పెట్టుకుంది. కోడి కూసే వేళకు జారింది.” ఇట్లు చెప్పి, సంచినుండి అరటిదొప్పను తీసి మనుమని చేతికిచ్చినది. “పట్టుకోరా, గాలి అడ్డం పెట్టు.”

బాలుడు రెండు అరచేతులును అడ్డుపెట్టెను. మొదటి పుల్ల ఆరినది, రెండవదియు ఆరినది. పౌరాణికుడు తన ఉత్తరీయమును విప్పి గాలికి తెరగా పట్టుకొనెను. మూడవ పుల్లకు వత్తి వెలిగినది. నడుము లోతు నీటిలోనికి ఆమె తానే పోయి, అల వెనుకకు మరలు అదను చూచి దొప్పను విడిచినది. అది ఒకమారు ఊగి, నిలబడి, సంగమపు నీటివెంట సాగిపోయినది.

ఆమె తిరిగివచ్చుచుండగా ఉల్లంకిపిట్టల గుంపు ఆమెకు దారి యిచ్చుటకై లేచి, కొంచెము దూరమున మరల వ్రాలి, వెనుకకు మరలుచున్న అల వెంట పరుగెత్తినది. స్నానము చేయువరకు సంచిని పట్టుకొని యుండుమని ఆమె పౌరాణికునకు ఇచ్చినది. ఆయన తడిసిన ఉత్తరీయమును భుజముపై వేసికొని సంచిని పట్టుకొని యొడ్డున నిలిచెను. ఆనాడు సంగమమున చేయవలసియున్న ఉపన్యాసమును ఆయన చేయలేదు. అడిగినవారికి, ముందునాటి అధ్యాయమునే సాయంకాలము ఆలయమున మరల ఒకమారు చదువుదమని చెప్పెను.